చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారి జీవితము

ఒక మనుష్యుని గొప్పతనమును అతడు గెలిచిన యుద్ధములచేతనో కూడబెట్టిన ధనముచేతనో కొలుచుట లోకమునకు వాడుక. మాటలను కూడబెట్టి గొప్పవాడైన యొక మనుష్యుని చరిత్రమును ఈ సంచికయందు మా పాఠకులకు చెప్పదలచితిమి. ఆయన మన దేశమువాడు కాడు. మన భాష ఆయన తల్లిభాషయు కాదు. అయినను తెలుగు చదువుకొన్న ప్రతివానికిని ఆయనయొద్ద కొంత ఋణము కలదు. ఆయనయే చార్లెస్ ఫిలిప్ బ్రౌనుగారు.

ఆయన చరిత్రమునకును మన ఊరికిని సంబంధ మేమని పాఠకులు అడుగవచ్చును. మన కొత్తకోట హైదరాబాదు నుండి కర్నూలునకు పోవు మార్గముపై నున్నది. మునుపు మహబూబునగరు జిల్లాలోనిది. 2016వ సంవత్సరము నుండి వనపర్తి జిల్లాలోనిది. ఇచ్చట మన మాటలాడు తీరును ఒకసారి చెవియొగ్గి వినవలయును. జబ్బు చేసినచో దవాఖానకు పోవుదుము. ముఖము తుడుచుకొనుటకు దస్తీని తీయుదుము. బడిలో కుర్చీపై కూర్చుండి కాగితముపై వ్రాయుదుము. ఇంటిలో పెద్దలు బాకీని గూర్చియు, వసూలును గూర్చియు, పట్వారి వ్రాసిన పాత పహాణీని గూర్చియు చెప్పుకొందురు. ఈ మాటలలో నొక్కటియు పుట్టుకచేత తెలుగు మాట కాదు.

ఇందునకు కారణము స్పష్టమే. ఈ సీమ 1948వ సంవత్సరము వఱకు నిజాము ప్రభువుల పాలనలో నుండెను. ప్రభుత్వపు వ్రాతకోతలు మొదట పారసీకములోను, పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగము నుండి ఉర్దూలోను జరిగెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము సైతము మొదట ఉర్దూలోనే బోధించెను. కావున కచేరీ మాటలు పొలముల గట్లపైకి వచ్చెను. అంగడి మాటలు వంటయింటిలోనికి వచ్చెను. పరీక్షాపత్రమున వ్రాయరాని మాట ఇంటిలో మాటలాడుచున్నామే యని సిగ్గుపడు విద్యార్థులను మేము చూచియున్నాము. అట్టివారు బ్రౌనుగారి చరిత్రమును తప్పక తెలిసికొనవలయును. ఏలయన, అట్టి మాటలను త్రోసివేయక, వానికొఱకే ప్రత్యేకముగ నొక గ్రంథమును కూర్చిన పండితుడు ఆయనయే.

బ్రౌనుగారు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించిరి. తండ్రిగారైన డేవిడ్ బ్రౌనుగారు ఈస్టిండియా కంపెనీవారి కొలువులోని పాదిరి. ఫోర్టు విలియం కళాశాలకు అధ్యక్షులుగ నుండి అనేక భాషలను అభిమానించిన విద్వాంసులు. తమ పిల్లలకు లాటిను, గ్రీకు భాషలతో పాటు హీబ్రూ, అరబీ, పారసీకము, హిందూస్తానీలను గూడ నేర్పించిరి. కావున మన చార్లెసునకు బాల్యమునుండియే ఒక సంగతి తెలిసెను: లోకములో ఏ భాషయు గోడలు కట్టుకొని యుండదు; ఒకదాని మాట మఱియొకదాని నోట వినబడుచునే యుండును.

1812లో తండ్రిగారు మరణించిరి. కుటుంబమంతయు ఇంగ్లండునకు తిరిగి పోయెను. అచ్చట బ్రౌనుగారు, కంపెనీ ఉద్యోగులను తయారుచేయు హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817వ సంవత్సరము ఆగస్టు నెలలో చెన్నపట్టణమునకు వచ్చి చేరిరి. చెన్నపట్టణమునందలి కోట కళాశాలలో కొత్త ఉద్యోగులు దేశభాషలను నేర్వవలసి యుండెను. అచ్చట వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద ఆయన తెలుగు అక్షరములను దిద్దిరి. 1820లో ఆయన చదువు ముగియునప్పటికి గవర్నరుగా నుండినవారు సర్ తామస్ మన్రోగారు. ప్రజల భాష తెలియని అధికారి ప్రజలకు న్యాయము చేయజాలడని మన్రోగారి నమ్మకము. ఆ హితవు బ్రౌనుగారి మనస్సునకు గట్టిగ పట్టెను.

ఆ సంవత్సరమే కడప కలెక్టరు హాన్‌బరీగారి క్రింద ఆయనకు సహాయోద్యోగము లభించెను. మన ఊరినుండి కృష్ణా తుంగభద్రలను దాటి కర్నూలు మీదుగా దక్షిణమునకు పోయినచో కడప చేరవచ్చును. అచ్చటి కచేరీలో కలెక్టరుగారు రైతులతో తెలుగుననే మాటలాడువారు. పుస్తకములలో చదివిన తెలుగునకును, కచేరి మెట్లపై కూర్చుండి మొఱపెట్టుకొను రైతు నోటి తెలుగునకును ఎంత దూరమున్నదో బ్రౌనుగారికి అచ్చటనే తెలియవచ్చెను. కోదండరామ పంతులుగారి యొద్ద నేర్చిన పద్యభాషలో జమాబందీ లేదు, ఖాతా లేదు, రాజీనామా లేదు, జరిమానా లేదు. రైతుయొక్క భూమియు, పరువును ఆ మాటలపైననే నిలిచి యుండెను.

ఇది చిన్న విషయమని ఎవ్వరును తలపరాదు. ఒక దస్తావేజులో నున్న యొక మాటకు అర్థము తెలియక వ్రేలిముద్ర వేసిన పేదవాడు పొలమును పోగొట్టుకొనవచ్చును. సాక్షి చెప్పిన యొక మాట న్యాయాధిపతికి తెలియకున్నచో నిరపరాధి చెఱసాల పాలు కావచ్చును. బ్రౌనుగారు తమ యుద్యోగకాలమున కడప, మచిలీపట్టణము, రాజమహేంద్రవరము, గుంటూరు మొదలగు చోట్ల రెవిన్యూ పనులను, న్యాయస్థానపు పనులను చూచిరి. ఆయనకు నిఘంటువు అలంకారము కాదు. న్యాయమునకు కావలసిన పనిముట్టు.

ఉద్యోగములో చేరిన తొలిదినములలోనే ఆయన బీదపిల్లలకొఱకు ఉచిత పాఠశాలలను తెఱచిరి. 1821లో కడపయందును, 1823లో మచిలీపట్టణమందును అట్టి బడులు నడిచెను. మచిలీపట్టణమున నుండగా, దుబాయి అను ఫ్రెంచి పాదిరిగారు వ్రాసిన గ్రంథములో వేమనను గూర్చిన ప్రస్తావన ఆయన కంటబడెను. వెంటనే వేమన పద్యములకొఱకు వెదకింప నారంభించిరి. ఆనాటి పండితులలో పలువురు వేమనను కవిగ లెక్కింపకుండిరి. బ్రౌనుగారు మాత్రము ఊరూరినుండి తాటియాకు ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి, 693 పద్యములను ఏర్చి, ఆంగ్లానువాదముతో 1829లో అచ్చు వేయించిరి. 1839లో మఱల ముద్రించినప్పుడు పద్యముల సంఖ్య 1,164 అయ్యెను. సామాన్యుని మాటలో విలువ కలదను ఆయన విశ్వాసమునకు ఇది మొదటి ఫలము.

కడపలో ఆయన పెద్ద తోటతో గూడిన యొక బంగళాను కొని, దానిని పండితుల కార్యశాలగ మార్చిరి. జూలూరి అప్పయ్యగారు, వఠ్యం అద్వైతబ్రహ్మయ్యగారు మొదలగు శాస్త్రులు ఆయనయొద్ద పనిచేసిరి. వారి పని జరిగిన విధము విద్యార్థులు తెలిసికొనదగినది. ఒక కావ్యమునకు దొరికినన్ని ప్రతులను మొదట సంపాదింతురు. లేఖకులు వానిని కాగితముపై నెత్తి వ్రాయుదురు. పండితులు ప్రతికిని ప్రతికిని గల భేదములను గుర్తించి సరియైన పాఠమును నిర్ణయింతురు. అటుపిమ్మట కఠినపదములకు అర్థము వ్రాసి, పదములకు అకారాది పట్టికను కూర్తురు. ఆ పట్టికలే తరువాత నిఘంటువునకు పునాదు లయ్యెను. ఈ జీతములన్నియు కంపెనీవారు ఇచ్చినవి కావు. బ్రౌనుగారు తమ జీతమునుండి యిచ్చిరి. అది చాలక అప్పులు చేసిరి. ఆ అప్పులు ఆయనను చాలకాలము బాధించెను.

పేరు బ్రౌనుగారిదే ప్రసిద్ధమయ్యెను గాని, ఆ పాండిత్యములో పెద్దభాగము ఈ శాస్త్రులది యని మఱువరాదు. దొరగారి ధనమును పట్టుదలయు, పండితుల జ్ఞాపకశక్తియు విద్యయు కలిసినందుననే ఆ పని జరిగెను. ఆయనను పొగడునప్పుడు వారిని తలంపకుండుట కృతఘ్నత యగును.

1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను ఘోరమైన కరవు పట్టుకొనెను. ఆకలిచేత లక్షకు మించిన జనులు నశించిరి. ప్రజలు దానిని డొక్కల కరవని నేటికిని చెప్పుకొందురు. అప్పుడు బ్రౌనుగారు గుంటూరులో నుండిరి. పై యధికారులకు వ్రాసిన ఉత్తరములలో ఆయన దానిని కరవనియే పేర్కొనిరి. ధాన్యపు కొఱత యని మెత్తగ చెప్పుట పైవారికి ఇష్టము. ఆకలిచే చచ్చువారిని కన్నులార చూచుచు కొఱత యని వ్రాయుటకు బ్రౌనుగారికి చేయి రాలేదు. ఒక మాటకును మఱియొక మాటకును గల భేదము ఎంత పెద్దదో ఈ యొక్క సంగతిచేతనే తెలియును. కొఱత యనినచో ఓర్చుకొమ్మని చెప్పవచ్చును. కరవనినచో అన్నము పెట్టవలసి వచ్చును. ఉన్నదానిని దాని పేరుతో పిలుచుట నిఘంటుకారుని మొదటి ధర్మము. ఆ ధర్మమును ఆయన ఉద్యోగమునందును విడువలేదు.

1834లో ఆయన కొలువునుండి తొలగింపబడి ఇంగ్లండునకు పోవలసి వచ్చెను. మఱియొకడైనచో అంతటితో తెలుగును మఱచియుండును. బ్రౌనుగారు లండనులో కంపెనీవారి గ్రంథాలయమునకు పోయి, అచ్చట ఎవ్వరును చూడక దుమ్ముపట్టి పడియున్న దక్షిణ భారతదేశపు వ్రాతప్రతులను కనుగొనిరి. అవి 2,106 గ్రంథములు. వానికి పట్టిక వ్రాసి, ఎవ్వరును చదువలేని చోట నుండుటకంటె చదువగలవారున్న చోట నుండుట మేలని అధికారులను ఒప్పించి, వానిని చెన్నపట్టణమునకు పంపించిరి. అవి తరువాత అచ్చటి ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరెను. ఉద్యోగము లేని దినములలో ఆయన చేసిన ఈ పని, ఉద్యోగములో నుండి పలువురు చేసిన పనులకంటె గొప్పది.

కొన్ని సంవత్సరముల పిమ్మట ఆయన మఱల చెన్నపట్టణమునకు వచ్చి, కంపెనీవారికి పారసీక భాషాంతరీకరణ చేయు పదవిలో ప్రవేశించిరి. తరువాత తెలుగు భాషాంతరీకర్తగను, తపాలా శాఖకు అధిపతిగను పనిచేసిరి. 1840లో ఆయన తెలుగు వ్యాకరణము ప్రకటింపబడెను. పగలు కచేరి, తక్కిన కాలము నిఘంటువు: ఇది ఆయన దినచర్య.

తెలుగునకు అంతకుమునుపు నిఘంటువులు లేవని యనుకొనరాదు. మచిలీపట్టణపు వర్తకులైన మామిడి వెంకయ్యగారు ఆంధ్రదీపిక యను పదకోశమును కూర్చి యుండిరి. దానిని ఆధారము చేసికొని క్యాంబెలు దొరగారు 1821లో తెలుగు ఆంగ్ల నిఘంటువును ప్రకటించిరి. అయినను అవి కావ్యములు చదువువానికి తోడ్పడినంతగ కచేరిలో కూర్చుండువానికి తోడ్పడలేదు. బ్రౌనుగారు కవుల ప్రయోగములను విడువక, ప్రజలు నిత్యము పలుకు మాటలను గూడ చేర్చి, 1852లో తమ తెలుగు ఆంగ్ల నిఘంటువును వెలువరించిరి. చెన్నపట్టణమున క్రైస్తవ విద్యావ్యాపక సంఘమువారి ముద్రాక్షరశాల దానిని అచ్చువేసెను. ఆ కాలముననే ఆంగ్లమునుండి తెలుగునకు మఱియొక నిఘంటువును వెలువడెను.

అంతటితో పని ముగిసినదని ఆయన తలపలేదు. పరభాషలనుండి వచ్చి తెలుగులో కలిసిన మాటల సంగతి మిగిలియుండెను. 1852లోనే జిల్లా నిఘంటువను పేరుతో, కచేరీ వ్యవహారములలో వాడుకయగు మాటలను రోమను లిపిలో వివరించిరి. తరువాత 1854లో తెలుగులో వాడబడు మిశ్రభాషాపదములకును అన్యదేశ్యములకును ప్రత్యేకముగ నిఘంటువును ప్రకటించిరి. ఇట్టి మాటలకొఱకు ఇంత శ్రద్ధతో నొక గ్రంథము వెలువడుట తెలుగునకు ఎంతో మేలయ్యెను.

ఆ గ్రంథము యొక్క విలువను తెలిసికొనుటకు కొన్ని మాటల ప్రయాణమును చూతము. పారసీకమున దస్త్ అనగా చేయి. చేతిలో పట్టుకొను గుడ్డ దస్తీ. చేతివ్రాత గురుతు దస్తఖతు. వివాదము వచ్చినప్పుడు చేతబట్టి చూపు ఆధారము దస్తావేజు. మన పిల్లల జేబులోని దస్తీయు, తాతగారి పెట్టెలోని దస్తావేజును ఒక తల్లి బిడ్డలే. రైతు అను మాటకు అరబీ మూలమున పాలితులగు ప్రజలని యర్థము. మన యొద్ద అది నేల దున్నువాని పేరయ్యెను. తాలూకా అనగా మొదట సంబంధమని యర్థము. తరువాత కొన్ని గ్రామముల సముదాయమునకు పేరయ్యెను. మాట వచ్చునప్పుడు తన పాత యర్థమును అంతయు తెచ్చుకొనదు. వచ్చిన యింటి పనినిబట్టి కొత్త యర్థమును పొందును.

సముద్రము మీదుగా వచ్చిన మాటలును కలవు. పోర్చుగీసువారు 1498లో కళ్లికోటకు వచ్చిరి. మన దేశములో వారి యధికారము చిన్న చిన్న ప్రదేశములకే పరిమితమయ్యెను గాని, వారి మాటలు వారు కాలుపెట్టని గ్రామములకు సైతము చేరెను. అర్మారియో అను వారి మాట మన అలమార. తొఆల్యా అనునది తువ్వాలు. బాల్దె అనునది బాల్చీ. బొతాంవ్ అనునది బొత్తాము. మెస్త్రె యనగా గురువు. అతడే మన మేస్త్రి. లెయిలాంవ్ అనునది మన వేలము. పాద్రె యనగా తండ్రి. ఆ మాటయే పాదిరి యయ్యెను. అనాసపండును, వరండాయు ఆ త్రోవనే వచ్చినవి. ఈ మాటలను పలుకు ముసలమ్మకు పోర్చుగీసు దేశము ఏ దిక్కున నున్నదో తెలియదు. అయినను ఆ మాటలు ఆమెవే.

పరభాషాపదము తెలుగైనదనుటకు గురుతేమి? మన భాష దానికి మొదట తన చివరి అక్షరమును తగిలించును. జవాబ్ అనునది జవాబు. హాజిర్ అనునది హాజరు. కాగజ్ అనునది కాగితము. పిమ్మట తన విభక్తులను తొడుగును: రైతునకు, వేలములో, దస్తావేజుతో. తరువాత దానినుండి కొత్త మాటలను పుట్టించును: రైతుకూలీ, వేలంపాట, బాకీదారు. మన వ్యాకరణము ప్రకారము నడుచుచున్న మాటను పరాయిది యనుటకు వీలులేదు. ఒక యింటికి కోడలుగ వచ్చిన పిల్ల కొన్నాళ్లకు ఆ యింటి పెద్దదిక్కగునట్లు, ఈ మాటలును మన యింటి మాటలైనవి.

ఇట్టి కలయిక తెలుగునకు మాత్రమే వచ్చినది కాదు. దూరమున ఫిలిప్పీను ద్వీపములలో హిలిగైనాన్ అను భాష కలదు. పనాయ్, నీగ్రోస్ ద్వీపములలో దానిని మాటలాడుదురు. ఆ ద్వీపములను స్పెయిను దేశమువారు 1565 మొదలు 1898 వఱకు పాలించిరి. స్పానిషున కిటికీని వెంతానా యందురు. హిలిగైనాన్‌లో అది బింతానా యయ్యెను. బల్లను స్పానిషున లా మేసా యందురు. అచ్చటి ప్రజలు ముందున్న లా యను చిన్నపదమును గూడ మాటలో కలిపివేసి లమేసా యనిరి. అచ్చటను స్పెయిను దేశపు పాదిరులు దేశభాషకు నిఘంటువులను వ్రాసిరి. ఏలినవారు ఓడలెక్కి పోయిరి. కిటికీయు బల్లయు ఆ ప్రజలకు మిగిలెను. ఏలికలు మాఱుదురు గాని, ప్రజలు తమవిగ చేసికొన్న మాటలు నిలుచునని ఇందువలన తెలియుచున్నది.

బ్రౌనుగారి పద్ధతిని అందఱును అంగీకరింపలేదు. కావ్యములలో ప్రయోగము లేని మాటకు నిఘంటువులో చోటీయరాదని తలచిన పండితులు గొప్పవారే. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరము కవిప్రయోగములను ఆధారము చేసికొన్న మహాగ్రంథము. దాని యుపయోగమును మేము తక్కువ చేయము. పద్యము చదువువానికి అది దీపమువంటిది. కాని దస్తావేజు చదువుకొనవలసినవానికిని దీపము కావలయును గదా! ఆ రెండవ దీపమును వెలిగించినవారు బ్రౌనుగారు. అదియు దోషరహితమని చెప్పరాదు. ఆయన కొన్ని మాటల పుట్టుకను, కొన్నింటి యర్థములను సరిగ గుర్తింపలేదు. అందుచేతనే వెంకటరత్నముగారు, క్యాంబెలు దొరగారు, కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ నిఘంటువును సవరించి 1903లో మఱల వెలువరించిరి. ఇచ్చట చెప్పిన క్యాంబెలుగారు 1821 నాటివారు కారు, వేఱొకరు. తప్పులను దిద్దియైనను నిలుపుకొనదగిన గ్రంథమని అట్టి పెద్దలు తలచుటయే దాని గొప్పతనమునకు సాక్ష్యము.

ఆరోగ్యము చెడినందున బ్రౌనుగారు ఉద్యోగమును చాలించి 1855లో చెన్నపట్టణమును విడిచిరి. మఱల మన దేశమును చూడలేదు. లండనులో నుండియు తెలుగును విడువక, అచ్చటి విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యులుగ నుండిరి. 1866లో తమ సాహిత్యజీవితమును గూర్చి చిన్న గ్రంథమును వ్రాసికొనిరి. ఆయన వివాహము చేసికొనలేదు. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన తమ 86 యేండ్ల వయస్సున లండను నగరమున మరణించిరి. కెన్సల్ గ్రీను శ్మశానమున ఆయన సమాధి కలదు.

కడపలో ఆయన బంగళా కాలక్రమమున శిథిలమయ్యెను. ఆ స్థలమునందే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మొదలగువారి పట్టుదలవలన, ఇరువదవ శతాబ్దపు చివరి భాగమున ఆయన పేర నొక గ్రంథాలయము వెలసెను. అది నేడు భాషాపరిశోధన కేంద్రముగ పనిచేయుచున్నది. ఆయన నిఘంటువును ఇప్పుడు అంతర్జాలమునందు ఎవ్వరైనను ఏ ఊరినుండియైనను తెఱచి చూడవచ్చును. ఒకప్పుడు దొరల బల్లలపై నుండిన గ్రంథము ఈనాడు కొత్తకోట విద్యార్థి చేతిలోని ఫోనులోనికి వచ్చినది.

బ్రౌనుగారు పాలకుల పక్షమున వచ్చిన యుద్యోగి యను మాట నిజమే. పరిపాలనకొఱకే ఆయన తెలుగు నేర్వ నారంభించిరి. అయినను పరిపాలనకు కావలసినంత నేర్చి ఆగిపోయినవారు పలువురుండగా, ఆయన అవసరమును దాటి ప్రేమవఱకు పోయిరి. మన పూర్వులు చెదలకు విడిచిన తాటియాకులను ఆయన అప్పుచేసి కాపాడిరి. పండితులు విడిచిన మాటలను ఆయన ప్రోగుచేసిరి. ఈ సంగతి మనకు సంతోషమును, కొంత సిగ్గును గూడ కలిగింపవలయును.

విద్యార్థులారా! ఈ చరిత్రమును చదివి ఊరకుండరాదు. మీ యిండ్లలో తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు కలరు. వ్యవసాయపు పనిముట్లకు, ధాన్యపు కొలతలకు, నేలల రకములకు, బంధుత్వములకు, రోగములకు వారు వాడు మాటలు కలవు. అందు తెలుగు మాటలుండును, ఉర్దూ మాటలుండును, ఎచ్చటనుండి వచ్చినవో తెలియని మాటలును ఉండును. కొలతలు మాఱినవి; పహాణీలు మాఱినవి; పట్వారి పదవియు పోయినది. ఆ వస్తువులతో పాటు ఆ మాటలును వెడలిపోవుచున్నవి. ఒక నోటుపుస్తకమును తీసికొని, దినమునకు రెండు మాటల చొప్పున, ఎవరు చెప్పిరో, ఏ సందర్భమున చెప్పిరో, ఏమి యర్థమో వ్రాసికొనుడు. సంవత్సరము తిరుగునప్పటికి ఏడువందల మాటలకు మించును. ఇరువదిమంది అట్లు చేసినచో మన సీమకు నొక చక్కని పదకోశమగును.

తలిదండ్రులకును ఒక మనవి. పిల్లలు మీ మాటకు అర్థము అడిగినప్పుడు, అది మోటుమాట, నీ కెందుకని త్రోసివేయకుడు. పరీక్షకు ఒక భాష కావలయును; దానిని ఉపాధ్యాయులు నేర్పుదురు. ఇంటి మాటను మాత్రము మీరే యీయగలరు. పరదేశీయుడైన యొక మనుష్యుడు ముప్పదియేండ్లకు పైగా శ్రమించి, ధనమును వెచ్చించి, మన మాటలకు గౌరవము కలుగజేసెను. ఆ మాటలను పలుకుటకు మనము సిగ్గుపడకుండుటయు, వాని యర్థమును తెలిసి పలుకుటయు ఆయనకు మనము చేయదగిన సత్కారము.